మార్చి 31 సాయంత్రం ఫోన్ చేసే పెద్దలకు

బ్యాంకుల ప్రాంతీయ, జోనల్ కార్యాలయాల అధికారులకు అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ క్యాషియర్ నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యలారా, అమ్మలారా,

నా పేరు మీకు అక్కర్లేదు. ముప్పై మూడేళ్లు ఈ జిల్లాలో క్యాష్ కౌంటర్ వెనక కూర్చుని నోట్లు లెక్కపెట్టినవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే టవర్ క్లాక్ దాకా నడవడం, ఒక ప్లేటు ఉగ్గాని తినడం, పేపరు చదవడం, ఇంతే పని. ఏ బ్యాంకులో చేశానో రాయను. ఏ బ్యాంకు పేరు పెట్టినా ఈ ఉత్తరం సరిపోతుంది.

2025 జూలై ఆఖర్లో పేపరు లోపలి పేజీలో ఒక లండన్ వార్త చూశాను. టామ్ హేస్ అనే బ్యాంకు ట్రేడర్ మీద పడిన నేరాన్ని బ్రిటన్ సుప్రీంకోర్టు జూలై 23న కొట్టేసిందని. ఆ పేరు నాకు కొత్త కాదు. 2015 ఆగస్టులో అతనికి 14 ఏళ్ల జైలు పడిందన్న వార్తను కత్తిరించి నా డ్రాయర్‌లో పెట్టుకున్నాను. అప్పుడు మా మేనేజరు చూసి, "ఏమప్పా, ఆ లండనోడు నీకేమన్నా బంధువా?" అని నవ్వాడు. బంధువు కాదు. అతని సంగతి చదివినప్పుడల్లా నాకు రబ్బరు బ్యాండు వేసిన ఒక నోట్ల కట్ట గుర్తొస్తుంది. ఆ కట్ట దగ్గరికి వస్తాను. ముందు అతని కథ.

మా అబ్బాయి కోర్టు తీర్పు సారాంశం ప్రింటు తీసిచ్చాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. నాకు అర్థమైనంతలో చెప్తాను.

లండన్‌లో లైబర్ అని ఒక వడ్డీ రేటు ఉండేది. రోజూ పొద్దున పదకొండు గంటలకు కొన్ని పెద్ద బ్యాంకులను ఒకే ప్రశ్న అడిగేవాళ్లు. మన మాటలో చెప్పాలంటే, "ఈ రోజు నీకు ఎంతకు అప్పు పుడుతుంది?" అని. తీసుకున్న అప్పు ఎంతకు తీసుకున్నావని కాదు, తీసుకుంటే ఎంతకు పుడుతుందని. జపాన్ యెన్‌కైతే పదహారు బ్యాంకులు పదహారు అంకెలు చెప్పేవి. పైనున్న నాలుగు, కిందున్న నాలుగు తీసేసి, నడిమి ఎనిమిదింటికి సగటు కట్టేవాళ్లు. అదే ఆ రోజు రేటు. ప్రపంచమంతటా లక్షల కోట్ల డాలర్ల అప్పులు, పందేలు ఆ అంకె మీద నడిచేవి. మన దేశంలో డాలర్లలో అప్పు తెచ్చుకున్న కంపెనీలు కూడా దాని లెక్కనే వడ్డీ కట్టేవి.

ఇదంతా మన చీనీ (బత్తాయి) మండీలో పెట్టి చూడండి. వేలం పాట లేదు. కాయ అమ్ముడుపోవాల్సిన పని కూడా లేదు. పదహారు మంది వ్యాపారులు వరసగా కూర్చుని, "ఈ రోజు టన్ను ఇంతకు పోవచ్చు" అని చెప్తారు. ఆ మాటను బట్టి జిల్లాలోని తోటలన్నిటికీ రేటు కడతారు. చెప్పేవాళ్లకేమో గోడౌన్లో సరుకుంది, పొద్దున చేసుకున్న బేరాలున్నాయి. తాడిపత్రి రైతునెవరినైనా అడగండి, ఆ రేటు ఎంత నిజమో నవ్వి చెప్తాడు. లండన్‌లో మాత్రం దాదాపు పాతికేళ్లు పెద్దమనుషుల మాట మీద నడిపారు.

హేస్ 1979లో పుట్టాడు. నాటింగ్‌హామ్‌లో లెక్కలు, ఇంజినీరింగ్ చదివాడు. 2006లో స్విట్జర్లాండ్ బ్యాంకు యూబీఎస్ తరఫున టోక్యోలో యెన్ వడ్డీ రేట్ల మీద వ్యాపారం చేయడానికి కుదిరాడు. తోటివాళ్లు సాయంత్రం బీరు తాగుతుంటే ఇతను హాట్ చాక్లెట్ తాగేవాడట, అందుకని టామీ చాక్లెట్ అని పేరు పెట్టారు. మనుషుల కంటే అంకెలతో ఎక్కువ కుదిరే రకం. అతనికి ఆస్పెర్జర్స్ అనే ఒక రకం ఆటిజం ఉందని కేసు విచారణకు ముందు డాక్టర్లు తేల్చారు. మూడేళ్లలో ఆ బ్యాంకుకు దాదాపు 26 కోట్ల డాలర్లు సంపాదించి పెట్టాడు. 2009 చివర్లో అమెరికా బ్యాంకు సిటీగ్రూప్ పెద్ద మొత్తం ఇచ్చి లాక్కుపోయింది. ఏడాది తిరక్కుండానే, 2010 సెప్టెంబరులో, తీసేసింది.

అతను చేసిందేమిటి? లైబర్ అంకె పంపేవాళ్లకు, బ్రోకర్లకు మెసేజీలు పెట్టేవాడు. ఈ రోజు కొంచెం పైకి, రేపు కొంచెం కిందికి, అని. శాతంలో నూరో వంతు కదిలితే అతని పుస్తకంలో లక్షల డాలర్లు అటూ ఇటూ అయ్యేవి. 2008 సెప్టెంబరులో ఒక బ్రోకర్‌ని రేటు కింద ఉంచమని అడుగుతూ, యాభై వేల డాలర్లా, లక్షా, ఏదైనా ఇస్తానన్నాడు. అదీ రికార్డులో ఉంది. ఆ సంగతి దాచి అతణ్ణి అమాయకుడిగా చూపించడం నాకిష్టం లేదు.

నన్ను ఆపింది ఇంకో సంగతి. అతను ఏదీ దాచుకోలేదు. అన్నీ కంపెనీ కంప్యూటర్లో, కంపెనీ ఫోన్లో, పట్టపగలు. యూబీఎస్‌లో లైబర్ అంకె పంపేవాళ్లూ, ఆ రేటు మీద వ్యాపారం చేసేవాళ్లూ ఒకటే గుంపు. 2009 దాకా బ్యాంకే అలా నడిపింది. తూకం రాళ్లు కొనేవాడి చేతికే ఇచ్చి, తరవాత తూకం తేడా వచ్చిందంటే రాయి పట్టుకున్న చెయ్యి ఎవరిదని వెతికారు.

2012 డిసెంబరులో యూబీఎస్ 150 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. అదే నెలలో హేస్‌ని అరెస్టు చేశారు. అమెరికాకు పంపేస్తారన్న భయంతో బ్రిటన్ అధికారుల ముందు ఎనభై గంటలకు పైగా కూర్చుని అంతా చెప్పుకున్నాడు, తప్పు చేశానన్నాడు. తరవాత మాట మార్చి, నిర్దోషినని కోర్టుకెక్కాడు. 2015 ఆగస్టు 3న ఎనిమిది అభియోగాల్లోనూ దోషి అన్నారు. అప్పటికి 35 ఏళ్లవాడు. అప్పీలులో 14 ఏళ్లు 11 అయ్యాయి. దాదాపు 8 లక్షల 80 వేల పౌండ్లు కక్కించారు. ఐదున్నరేళ్లు లోపల ఉండి 2021 జనవరిలో బయటికొచ్చాడు.

కేసు పేరు మోసానికి కుట్ర. అతనితో కలిసి కుట్ర పన్నారని బోనెక్కించిన ఆరుగురు బ్రోకర్లనూ 2016 జనవరిలో ఇంకో జ్యూరీ, అంటే దోషా కాదా తేల్చే మామూలు పౌరుల గుంపు, వదిలేసింది. ఆ వార్త చదివిన రోజు నేను మా ఇంటావిడకు చెప్పాను, "ఒక్కడే కూర్చుని కుట్ర చేసినట్టుంది" అని. ఆమె, "మీ బ్యాంకులో జరగలేదా?" అంది.

జరిగింది. ఇప్పుడు ఆ కట్ట సంగతి.

అది ధర్మవరం వైపు ఒక పల్లె బ్రాంచి. ఆ ఏడాది వాన లేదు, బుడ్డలు (వేరుశెనగ) ఊడల్లోనే ఎండిపోయాయి. మార్చి 31. పొద్దున పదకొండుకు పైనుంచి ఫోన్ వచ్చింది. మేనేజరు స్పీకర్ నొక్కాడు గనక నేనూ విన్నాను. "పంట రుణాల రికవరీ ఎనభై శాతం దాటాలి. ఎట్లా అనేది నాకు చెప్పొద్దు. సాయంత్రానికి ఫిగర్ కావాలి." అంతే. పెట్టేశారు.

మా ఫీల్డ్ ఆఫీసరు కడప వైపు పిల్లోడు. వ్యవసాయ డిగ్రీ, రెండో పోస్టింగు, పెద్దవాళ్లు గదిలోకొస్తే కుర్చీలోంచి లేచే రకం. "సార్, పండనిది ఎట్లా కడతారు సార్?" అన్నాడు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూపించాడు. వేపచెట్టు కింద బండి మీద ఒక మనిషి కూర్చున్నాడు, ఒళ్లో గుడ్డసంచి. మీలో పల్లె బ్రాంచిల్లో పనిచేసినవాళ్లకు ఆ మనిషిని నేను పరిచయం చేయనక్కర్లేదు.

గడువులోగా బాకీ తీరిస్తే రైతుకు వడ్డీ రాయితీ. తీర్చిన వెంటనే మళ్లీ అంతే రుణం కొత్తగా రాస్తారు. కాబట్టి అసలు డబ్బు ఒక అరగంటకు దొరికితే చాలు. గుడ్డసంచి మనిషి ఆ అరగంటకు ఇస్తాడు, వెయ్యికి ఇరవై చొప్పున.

మొదటి రైతు తెచ్చిన కట్ట యాభై వేలు, ఐదువందల నోట్లు. ఎర్ర రబ్బరు బ్యాండు ఒకటి, పచ్చది ఒకటి. పై నోటు తెల్లటి భాగంలో ఎవరో బాల్‌పెన్నుతో "బుడ్డలు 14" అని రాసుకున్నారు. లెక్కపెట్టాను, సరిపోయింది, రసీదు ఇచ్చాను. కాసేపటికి కొత్త రుణం కింద యాభై వేలు ఇమ్మన్నారు. చేతికందిన కట్ట ఇచ్చాను. పావుగంటకు ఇంకో రైతు. కట్ట విప్పితే పైన "బుడ్డలు 14". లెక్కపెట్టాను. సరిపోయింది. మధ్యాన్నం మూడయ్యేసరికి ఆ నోటు నా కౌంటర్ మీదికి తొమ్మిది సార్లు వచ్చింది, తొమ్మిది సార్లు పోయింది. ఏడోసారికి లెక్కపెట్టడం మానేశాను. ఎనిమిదోసారి ఆ రైతు, అరవై దాటిన మనిషి, "సార్, లెక్కపెట్టుకోండి, మళ్లీ తక్కువైందంటే ఆయప్ప ఒప్పుకోడు" అన్నాడు. లెక్కపెట్టాను.

తొమ్మిది రసీదులూ నిజం. తొమ్మిది వోచర్ల మీదా రైతు సంతకం నిజం. వచ్చిన డబ్బు యాభై వేలు, పుస్తకంలో రికవరీ నాలుగున్నర లక్షలు. చెట్టు కింది మనిషికి ఆ ఒక్క కట్ట మీదే తొమ్మిది వేలు మిగిలాయి. ఆ రోజు అట్లాంటి కట్టలు ఇంకో మూడు తిరిగాయి. ఎనభై శాతం దాటింది.

సాయంత్రం ఆ పిల్లోడు పద్ధతిగా పైకి మెయిల్ పెట్టాడు. మీరు ఉదయం ఫోన్లో చెప్పిన ప్రకారం రికవరీ పూర్తి చేశాం సార్, వివరాలు జతపరిచాం, అని. "బాగా చేశారు" అని ఫోన్ వచ్చింది. గమనించారా, అదీ ఫోనే.

మరుసటి ఏడాది ఇన్‌స్పెక్షన్ వచ్చింది. జమకూ చెల్లింపుకూ మధ్య పది నిమిషాలు, పన్నెండు నిమిషాలు ఎందుకున్నాయని అడిగారు. ఛార్జిషీటులో మొదటి కాగితం ఆ మెయిలే. పైనుంచి వచ్చిన జవాబు, "రికవరీ మెరుగుపరచమన్నాం, అక్రమాలు చేయమనలేదు" అని. ఫోన్లో ఏమన్నారో ఎక్కడుంది? పిల్లోడికి రెండు ఇంక్రిమెంట్లు కోసి, వేరే రాష్ట్రానికి బదిలీ చేశారు. మేనేజరు ఒక హెచ్చరిక లేఖ తీసుకుని రిటైరయ్యాడు. ఫోన్ చేసిన పెద్దమనిషికి ప్రమోషన్ వచ్చింది. ఆయన వీడ్కోలు సభకు మా బ్రాంచి తరఫున శాలువా తీసుకెళ్లింది నేనే.

ఎంక్వయిరీలో నన్నూ పిలిచారు. ఒకే కట్ట మళ్లీ మళ్లీ రావడం గమనించలేదా అని అడిగారు. పిల్లోడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. "నోట్లు అసలువా కాదా, లెక్క సరిపోయిందా, ఇంతే చూస్తాను సార్. ఎవరి నోట్లనేది నా పని కాదు" అన్నాను. ఆ పిల్లోడు నా వైపు చూసి తల వంచుకున్నాడు. స్పీకర్లో నేను విన్న మాటను చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణని ఇప్పుడు కూడా గట్టిగా అనలేను. కూతురి పెళ్లి పెట్టుకున్న ఏడాది అది.

ఇప్పుడు హేస్ తీర్పు. సుప్రీంకోర్టు అతను మంచివాడని ఏమీ అనలేదు. సరిగ్గా చెప్పి ఉంటే జ్యూరీ దోషి అనడానికి తగినంత సాక్ష్యం ఉందనే రాసింది. తప్పు వేరే చోట దొరికింది. "ఎంతకు అప్పు పుడుతుంది" అన్నదానికి ఒకే జవాబు ఉండదు, కొంత అటూ ఇటూ ఉంటుంది. ఆ పరిధిలోనే బ్యాంకుకు లాభమైన అంకె చెప్తే అది నిజాయితీగా చెప్పినట్టా కాదా? అది జ్యూరీ తేల్చాల్సిన సంగతి. జడ్జి ముందే, లాభం చూసుకుని చెప్తే అది నిజమైన అంకె కానే కాదు, అదే చట్టం, అన్నట్టు చెప్పేశారు. అందుకని శిక్ష నిలవలేదు. హేస్‌తో పాటు కార్లో పలోంబో అనే ఇంకో ట్రేడర్ కేసు కూడా పోయింది. మళ్లీ విచారణ కోరబోమని ప్రాసిక్యూషన్ చెప్పింది. జైల్లో గడిచిన ఐదున్నరేళ్లు మాత్రం గడిచిపోయాయి.

మీరు గమనించాల్సింది బార్‌క్లేస్ అనే బ్రిటన్ బ్యాంకు సంగతి. 2008లో బ్యాంకులు ఒకదానికొకటి అప్పివ్వడమే మానేశాయి. అప్పు పుట్టని రోజున ఎంతకు పుడుతుందని చెప్తారు? ఎక్కువ అంకె చెప్తే, ఈ బ్యాంకు ఇబ్బందుల్లో ఉందని పత్రికలు రాస్తాయి. అందుకని సొంత అంకెను తగ్గించి పంపమని బార్‌క్లేస్ పై అధికారులు కింది ఉద్యోగులకు చెప్పారు. ఇది నా ఊహ కాదు, 2012 జూన్‌లో ఆ బ్యాంకుకు 29 కోట్ల పౌండ్ల జరిమానా పడినప్పుడు బ్రిటన్ నియంత్రణ సంస్థ రాసిన మాట. అచ్చం మన మార్చి 31. బ్యాంకు ఆరోగ్యంగా కనబడాలి, అంతే. సీఈఓ బాబ్ డైమండ్ తరవాతి నెలలో రాజీనామా చేశాడు. ఆ బ్యాంకులో అంకె పంపే బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి పీటర్ జాన్సన్ తప్పు ఒప్పుకుని నాలుగేళ్ల జైలుకు పోయాడు, అదీ ట్రేడర్ల కోరిక మీద కదిలించిన అంకెలకు. పైనుంచి చెప్పి తగ్గించిన అంకెలకు ఎవరూ పోలేదు.

లైబర్‌ని చివరికి ఎత్తేశారు. చాలావరకు 2021 ఆఖరుకు, డాలర్‌ది 2023 జూన్ 30తో. ఇప్పుడు దాని స్థానంలో, నిజంగా జరిగిన లావాదేవీల మీద కట్టిన రేట్లు వాడుతున్నారు. మన దగ్గర కూడా 2019 అక్టోబరు నుంచి ఇళ్ల అప్పుల్లాంటి వాటికి రిజర్వు బ్యాంకు రెపో రేటు లాంటి బయటి రేటుతో ముడి పెట్టమన్నారు. చెప్పిన అంకె వదిలి, కంటికి కనబడే అంకెకు వచ్చారు. బ్రాంచి రికవరీకి మాత్రం ఇంకా చెప్పిన అంకే.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మార్చి 31 సాయంత్రం కట్టిన డబ్బు ఎంత అనే కాకుండా, ఏప్రిల్ 5 నాటికి అందులో ఎంత నిలిచిందో కూడా చూడండి. ఈ ఒక్క కాలమ్ మీ స్టేట్‌మెంట్‌లో పెడితే, చెట్టు కింది మనిషికి పని తగ్గుతుంది. పంట పోయిన ఏడాది వడ్డీ మాత్రం కట్టించుకుని, అసలును కాగితం మీదే తిరగరాయనివ్వండి. అది చాటుగా ఎలాగూ జరిగేదే. బాహాటంగా, మీ సంతకంతో ఇస్తే రైతుకు వెయ్యికి ఇరవై మిగులుతుంది.

ఇక ఫోన్. శాతం మీకు కావాలంటే అడగండి, అడగడం మీ ఉద్యోగం. ఏ శాతం, ఎన్ని గంటలకు, కట్టలేనివాళ్లను ఏం చేయాలి, ఇవి నాలుగు లైన్లలో రాసి మెయిల్ పెట్టండి. "ఎట్లా అనేది నాకు చెప్పొద్దు" అన్న మాట కూడా అందులో రాయగలరేమో చూడండి. రాయడానికి చెయ్యి రాకపోతే, ఆ మాట చెప్పడానికి నోరెందుకు వచ్చిందో ఆలోచించండి. ఎంక్వయిరీ జరిగినప్పుడు, ఆ అంకె ఎవరడిగారో వాళ్లకు కూడా ఒక కుర్చీ వేయించండి. క్యాషియర్‌ని పిలిస్తే, ఏం చూశావనే కాదు, ఏం విన్నావని కూడా అడగండి.

ఆ పిల్లోడు ఉద్యోగం మానేసి మైదుకూరు వైపు డ్రిప్ పైపుల షాపు పెట్టుకున్నాడని తెలిసింది. ఒకసారి బస్సులో పోతూ దిగుదామనుకున్నాను, దిగలేదు. ఈ ఉత్తరం కాపీ ఒకటి అతనికీ పంపుతున్నాను.

నా చిరునామా మీ పెన్షన్ సెక్షన్‌లో ఉంది. జవాబు ఇవ్వదలుచుకుంటే దయచేసి ఫోన్ చేయకండి. రాసి పంపండి.

ఇట్లు
అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ క్యాషియర్